అడిగినవాని ఋణము

ప్రశ్న యనునది లోకమున మిక్కిలి చవుకైన వస్తువువలె కనబడును. అడుగువానికి దమ్మిడీ ఖర్చు లేదు. చెప్పువానికిని నష్టమేమియు లేనట్లే తోచును. తరగతి గదిలో ప్రశ్నలడుగుటయే ముప్పది యేండ్లుగా వృత్తియైన నాకు, ప్రశ్న అంత చవుకైనది కాదని ఒక పూర్వ విద్యార్థిని వలన ఈ నడుమనే తెలిసినది. ఆ సంగతినే పాఠకుల ముందుంచుచున్నాను.

ఆమె పదవ తరగతి వఱకు నావద్ద తెలుగు చదివినది. తండ్రి బట్టల మూట భుజమున వైచికొని సంతలు తిరిగి సంసారమీదినవాడు. ఆమె వాణిజ్య శాస్త్రమున పై చదువులు ముగించి, పది పన్నెండేండ్లుగా హైదరాబాదులో ఒక మార్కెట్ పరిశోధన సంస్థలో పనిచేయుచున్నది. గడచిన దసరా సెలవులలో మా యింటికి వచ్చి, కుశల ప్రశ్నలైన పిమ్మట, “మాస్టారూ, నేను చేస్తున్నది కాయకమే అంటారా?” అని అడిగినది.

నేను ఆలోచింపకయే, “అవసరము లేని వస్తువును అవసరమని నమ్మించు విద్య గదమ్మా మీది! దానిని కాయకమని యెట్లందును?” అంటిని. ఆమె నొచ్చుకొనలేదు. “మా నాన్న ఏ ఇంట్లో పెళ్ళి ఉందో, ఏ ఇంట్లో బాలింత ఉందో కనుక్కుని, దానికి తగిన బట్ట మరుసటి సంతకు తెచ్చేవారు. అడగకుండా తెచ్చిన మూట అమ్ముడుపోక తిరిగి మోసుకొచ్చేవారు. నేను చేసేదీ ఆ కనుక్కోవడమే. ఆయనకు నలభై ఊళ్ళు, నాకు దేశం. అంతే తేడా” అనినది.

ఆ మాటలో న్యాయమున్నది. కుమ్మరియు, కుండ కొన్న ఇల్లాలును ఒకే ఊరివారైనంత కాలము ఇట్టి వృత్తితో పనిలేకపోయెను. కుండ కారినచో మఱునాటి యుదయమే ఆమె వాని వాకిట నిలిచి నిలదీయును. యంత్రములు వచ్చిన పిమ్మట చేయువాడొక చోట, వాడువారు వేయి మైళ్ళ దూరమున ఉండిపోయిరి. ఒకరి ముఖమొకరు ఎఱుగరు. ఆ దూరమును పూడ్చుటకై పుట్టినదే ఈ వృత్తి. అమెరికాలో 1911లో కర్టిస్ అను పత్రికా ప్రచురణ సంస్థ చార్లెస్ కూలిడ్జ్ పార్లిన్ అను నాతని నియమించి, ఇట్టి పరిశోధనకొక ప్రత్యేక శాఖ నేర్పఱచినది. మన దేశమున 1960లో విక్రమ్ సారాభాయి బరోడాలో ఆపరేషన్స్ రీసెర్చ్ గ్రూప్ అను సంస్థను స్థాపించెను.

వీరు చేయు పని యిది. జనములో నుండి కొన్ని వందల, లేక వేల కుటుంబములను నమూనాగా నెన్నుకొందురు. ప్రశ్నావళి చేతబట్టి ఇంటింటికి పోదురు. ఒక్కొక్కప్పుడు ఎనిమిది పది మందిని ఒక గదిలో కూర్చుండబెట్టి మాట్లాడించి, ఆ మాటలు వ్రాసికొందురు. క్రొత్త వస్తువును కొన్నాళ్ళు వాడుమని యిచ్చి, పిదప ఎట్లున్నదని అడుగుదురు. ఆ జవాబులను బట్టి వస్తువు ఆకారము, పరిమాణము, వెల, పేరు, పొట్లము రంగు కూడ నిర్ణయమగును. ఈ నిర్ణయమునకే నూతన వస్తు రూపకల్పన వ్యూహమని పేరు.

ఇది యెంత పుణ్యకార్యము కాగలదో తెలుపుటకు ఒక యుదాహరణము చాలును. 1960 దశకపు చివరి యేండ్లలో జైపూరులో కాళ్ళు కోల్పోయినవారికి విదేశీ పద్ధతిలో చేసిన కృత్రిమ పాదములు అమర్చుచుండిరి. ఇంటికి పోయిన కొన్నాళ్ళకే వారు వానిని మూలబడవైచుచుండిరి. ఎముకల వైద్యుడు డాక్టరు పి. కె. సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ ఇందుకు కారణమేమని విచారించిరి. ఆ పాదమునకు బూటు తప్పదు. మన రైతు చెప్పులు లేక బురదలో దిగవలె. నేలపై బాసిపట్టు వేసి కూర్చుండవలె. గొంతుకూర్చుండవలె. ఇవేవియు ఆ పాదముతో సాగవు. ఈ సంగతులను లెక్కకు దెచ్చుకొని, రబ్బరుతో, కొయ్యతో వారు చేసినదే జగత్ప్రసిద్ధమైన జైపూరు పాదము. 1981లో డాక్టరు సేఠీకి మెగసెసె పురస్కారము లభించెను. అక్కడ అడిగిన ప్రశ్న తిరిగి తిరిగి జవాబు చెప్పినవాని కాలివద్దకే చేరినది.

దీనికి మాఱుగా మఱియొకటి కలదు. 1970 దశకమున బీద దేశములలో పసిబిడ్డల డబ్బాపాల వ్యాపారము సాగిన తీరు చూడుడు. తన బిడ్డ బొద్దుగా పెరుగవలెనను ఆశ ప్రతి తల్లి మనస్సునను ఉండును. ప్రకటనలన్నియు ఆ ఆశనే పట్టుకొనెను. దాదుల దుస్తులు ధరించిన ఉద్యోగినులు ప్రసూతి ఆసుపత్రులకు వచ్చి డబ్బాలను మెచ్చుకొనిరి. మంచినీరు లేని ఇండ్లలో, డబ్బా త్వరగా తరిగిపోవునను భయముతో పాలపొడిని పలుచగా కలిపి పట్టిన తల్లుల బిడ్డలు రోగములపాలైరి. ఎన్నియో ప్రాణములు పోయెను. 1977లో అమెరికాలో బహిష్కరణోద్యమము పుట్టెను. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఈ అమ్మకములకొక నియమావళిని ఆమోదించెను. మన దేశమున 1992లో దీనికై చట్టము వచ్చి, 2003లో మఱింత గట్టిపడినది.

రెండు చోట్లను మనుష్యుని లోతుగా తెలిసికొనుటయే జరిగినది. నేర్పులో వ్యత్యాసము లేదు. ఒకచోట “వీనికేమి కావలెను?” అని తెలిసికొనిరి. వేఱొకచోట “వీనిచేత నేమి కొనిపింపవచ్చును?” అని తెలిసికొనిరి. వినుటకు ఈ రెండు ప్రశ్నలు అక్కచెల్లెండ్రవలె నుండును. కొంపలంటుకొనునది ఆ పోలికవలననే.

ఇంత దనుక విని, నా విద్యార్థిని తన గుండెలోని ముల్లును బయటపెట్టినది. పిల్లలకు పాలలో కలిపియిచ్చు తీపి పొడిని చిన్న పొట్లములుగా కూలివారి పేటలలో అమ్మదలచిన ఒక కంపెనీ కొఱకు ఆమె ఇండ్లు తిరుగుచున్నది. ఒక రేకుల యింట ఒక తల్లి కుర్చీ అరువు తెచ్చి వేసి, టీ కాచియిచ్చి, ముప్పావు గంట సేపు అన్ని ప్రశ్నలకు ఓపికగా జవాబులిచ్చినదట. తుదకు తానొక్క ప్రశ్న అడిగినది: “ఇంతకీ ఆ పొడి మంచిదేనా అమ్మా?”

“మేము ఏదీ చెప్పకూడదమ్మా అన్నాను మాస్టారూ. అది మా నియమం. ఆవిడ ఇచ్చిన టీ తాగి, ఆవిడ అడిగిన ఒక్క మాటకు జవాబు చెప్పకుండా వచ్చేశాను” అనుచు కంట తడి పెట్టినది.

ఆ నియమము చెడ్డది కాదు. అడుగువాడు తన యభిప్రాయము చెప్పినచో వినువారి జవాబు వంగిపోవును. అప్పుడు పరిశోధన కల్ల యగును. ఈ వృత్తివారికి వ్రాతపూర్వకమైన ధర్మనియమములును కలవు. ఐరోపాలో ఎసోమార్ అను సంఘము 1948లో మొదటి నియమావళిని ప్రకటించెను. 1977లో అంతర్జాతీయ వాణిజ్య మండలితో కలిసి ఉమ్మడి నియమావళి చేసెను. జవాబు చెప్పినవారికి దానివలన హాని కలుగరాదు, వారి పేరు బయటపడరాదు, పరిశోధన పేరుతో సరకు అమ్మరాదు అనునవి అందలి ముఖ్యాంశములు. ఇవన్నియు ఆ యొక్క తల్లిని కాపాడును. ఆమె మాటలనుండి పుట్టిన వ్యూహము ఆమెవంటి లక్ష తల్లుల మీద ప్రయోగింపబడినపుడు వారిని కాపాడు నియమమేది?

ఆ పరిశోధనలో తేలినది యేమనగా, తల్లులకు ఆ పొడిలోని గుణములపై గొప్ప నమ్మకమేమియు లేదు. ప్రక్క యింటి పిల్లకంటె తమ పిల్ల వెనుకబడునేమోనను భయము మాత్రమున్నది. పొట్లము కొన్ననాడు ఇంటిలో పాలో, పప్పో ఆ మేరకు తగ్గుచున్నది. కంపెనీ వారు ఆ భయమును ఇంకను లోతుగా త్రవ్వి చెప్పుమనుచున్నారు. ఇట్టి పొడులను ‘ఆరోగ్య పానీయములు’ అను శీర్షిక క్రింద చూపరాదని 2024 ఏప్రిలులో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు సూచించినది. ఆహార భద్రతా చట్టమున అట్టి పానీయమునకు నిర్వచనమే లేదట.

నాకు వెంటనే ఆయ్దక్కి లక్కమ్మ తల్లి జ్ఞప్తికి వచ్చినది. బసవన్నగారి మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలేరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు మామూలుకంటె ఎక్కువ తెచ్చినపుడు, ఈ అధికము మనకేల, తెచ్చినచోటనే పోసిరమ్మని ఆ సాధ్వి మగని పంపివేసినది. తన యింటికెంత కావలెనో ఆమెకు తెలియును. నేటి వ్యూహమంతయు ఎదుటివానికి ఆ కొలత తెలియకుండ చేయుటయందే యున్నప్పుడు, అది యెంత కష్టపడి చేసినదైనను కాయకము కానేరదు. అడిగి, విని, వాని కొలతకు సరిపడు దానిని చేసి యిచ్చినప్పుడు అదియే కాయకము. వృత్తి ఒక్కటే. దాని ఫలము ఎవని యింటికి చేరుననునదే విచారింపవలసినది.

ఇట్లు చెప్పుచుండగనే నా మాటలు నాకే తగిలినవి. ఎన్నో యేండ్ల క్రిందట, పాఠమేల చదువలేదని ఒక బాలుని అడిగితిని. అమ్మకు జబ్బుగా నున్నదని, వంట తానే చేయుచున్నానని వాడు అందఱి యెదుట తలవంచుకొని చెప్పెను. విని బెత్తమునే యెత్తితిని. వాని యింటి గుట్టు అడిగి పుచ్చుకొని, దానితో వానికేమియు చేయలేదు. మఱుసటి యేడు వాడు బడి మానెను. మార్కెట్ పరిశోధకులను నిందించుటకు నాకేమి యధికారము కలదు?

కాన ఆమెతో నింతమాత్రమే చెప్పితిని: “తల్లీ, అడిగినవాడు ఋణపడును. ఆ యింటికి మరల పోవుటకు నీ నియమము ఒప్పదు. కనుక ఆ ఋణము నీ నివేదికలోనే తీర్పవలెను. పాలు, పప్పు తగ్గుచున్న సంగతి మొదటి పుటలో వ్రాయుము. ఆ భయమును పెంచు ఉపాయము మాత్రము నీ చేతితో వ్రాయకుము. ఆ నివేదికను ఆమె యెదుట కూర్చుండి చదివి వినిపింపవలసివచ్చిన నీకు సిగ్గు కలుగనిచో, నీది కాయకమే.”

ఆమె అట్లే వ్రాసినదట. కంపెనీవారు రుసుము చెల్లించి, తరువాతి పనిని వేఱొక సంస్థకిచ్చిరి. పై యధికారి ఆమెతో ముభావముగా నున్నాడట. పొట్లములు మాత్రము ఆగలేదు. మొన్న మా బజారు అంగడిలో తోరణమువలె వ్రేలాడుచుండగా చూచితిని. ఆమె ఉద్యోగము విడువలేదు. విడిచినచో ఆ కుర్చీలో కూర్చుండువారు ఆ మొదటి పుట వ్రాయుదురో లేదో యెవరు చెప్పగలరు?

మన పిల్లలు నేడు ఇట్టి క్రొత్త వృత్తులలోనికి ఎందఱో పోవుచున్నారు. జీతమెంతయని మనము అడుగుచున్నాము. నీ పని ఫలము ఎవరి యింటికి చేరుచున్నదని గూడ ఒకమాఱు అడుగుదము. అడిగిన పిమ్మట వారు చెప్పు జవాబును ఓపికతో విందము. ఏలయన, అడిగితిమేని మనమును ఋణపడినవారమే.