రక్తం చెప్పిన సాక్ష్యం

వాన తప్పిన ఏట అనంతపురం రైతు బావి అడుగున ఊరే చెంబెడు నీటిని కూడా వదలడు. క్షయవ్యాధిని కలిగించే సూక్ష్మజీవి కూడా అలాంటి పనే చేస్తుంది. అది బ్రతకాలంటే ఫాస్ఫేటు కావాలి. మన చేలకు వేసే సూపర్ ఫాస్ఫేటులో ఉండేది అదే. ఫాస్ఫేటు కరవైనప్పుడు, దొరికిన కొద్దిపాటిని ఒడిసిపట్టే ఒక ప్రోటీనును ఆ క్రిమి ఎక్కువగా తయారు చేసుకుంటుంది. బరువును బట్టి శాస్త్రజ్ఞులు దీనిని 38 కిలోడాల్టన్ ప్రోటీను అంటారు.

క్షయ సోకిన చాలామంది శరీరం ఈ ప్రోటీనుకు ఎదురుగా ప్రతిరక్షకాలను పుట్టిస్తుంది. రక్తంలో అవి కనిపిస్తే రోగం ఉన్నట్లే కదా అన్న ఆశ అక్కడే మొదలైంది. పరీక్ష చేయడానికి ప్రోటీను బోలెడు కావాలి. క్షయ క్రిమిని పెంచడం ప్రమాదం, పైగా అది రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అందుకని ఆ ప్రోటీను జన్యువును వేరుచేసి, ఇరవై నిమిషాలలో రెట్టింపయ్యే ఇ. కోలై అనే పేగు క్రిమిలో పెట్టి, దానిచేత తయారు చేయించారు. క్లోనింగ్ అనగానే 1996లో పుట్టిన డాలీ గొర్రెపిల్ల గుర్తుకొచ్చి కొందరు ఉలిక్కిపడతారు. ఇక్కడ జరిగింది ఒక జన్యువును మరొక క్రిమిలో నకలు తీయడం మాత్రమే. మధుమేహ రోగుల ఇన్సులిన్ ఇలాంటి పద్ధతిలోనే వస్తోంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా అంతే, కాకపోతే అక్కడ పని చేసింది ఈస్టు. ఈ పనిలో నాకు దోషమేమీ కనిపించదు.

దోషం తరువాత వచ్చింది. ఈ ప్రోటీనును, ఇలాంటివే మరికొన్నింటిని వాడి రక్తపరీక్ష కిట్లు తయారై మన పట్టణాల ప్రైవేటు లాబులలోకి చేరాయి. బెంగళూరుకు వలసపోయి దగ్గుతో తిరిగొచ్చిన ఒక కూలీని ఊహించుకోండి. అప్పుచేసి రక్తం ఇస్తాడు. మన దేశంలో క్షయ క్రిమి ఒంట్లో ఉండీ రోగం రానివారు కోట్లమంది. వారిలో కొందరి రక్తంలోనూ ప్రతిరక్షకాలు ఉంటాయి. నిజంగా రోగం ముదిరినవారిలో, ముఖ్యంగా హెచ్.ఐ.వి. ఉన్నవారిలో, అవి లేకపోవచ్చు. అంటే రోగం లేనివాడు నెలల తరబడి ఘాటైన మందులు మింగుతాడు, ఉన్నవాడు ఇంటికి వెళ్ళి పిల్లల మధ్య దగ్గుతాడు.

ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యమును గురించినది. మరి ఆ కిట్టు అబద్ధమాడిందా? లేదు. ఈ రక్తంలో ఈ ప్రోటీనును పట్టుకునేది ఉందో లేదో అది చెప్పింది, అంతే. ఆ మాటను “నీకు క్షయ ఉంది” అని మార్చి చెప్పింది మనిషి. అమ్మినవాడు, రాసిచ్చినవాడు, కమీషన్ తీసుకున్నవాడు. ఎవరికి వారు తమ వంతు చిన్నదే అనుకున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 94 అధ్యయనాలను పరిశీలించి 2011 జూలైలో ఈ పరీక్షలు వాడవద్దని చెప్పింది. అప్పటికి ఏటా పది లక్షలకు పైగా ఇలాంటి పరీక్షలు జరుగుతున్నాయి. కిట్లలో అధికభాగం ఐరోపా, ఉత్తర అమెరికాలలో తయారైనవే, గుర్తింపు పొందిన ఏ నియంత్రణ సంస్థ కూడా వాటిని ఆమోదించలేదు. ఈ ఒక్క సంగతి నన్ను ఎక్కువగా బాధిస్తుంది. 2012 జూన్‌లో భారత ప్రభుత్వం వాటి దిగుమతిని, తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. రెండు వారాలు మించి దగ్గు ఉంటే చేయించుకోవలసింది గళ్ళ పరీక్ష. సర్కారు ఆసుపత్రిలో దానికి డబ్బు తీసుకోరు.