ఆపిన స్విచ్, ఆగని కరెంటు

సున్నం పట్టిన గీజర్ ఎలిమెంటును, అంటే నీటిని వేడిచేసే లోహపు కడ్డీని, తీసి కొత్తది బిగించడం తెలుగునాట చిన్న పనే. అదే పని రియాద్‌లోని పాత ఇంట్లో ఎందుకు చిక్కుపడుతుందో గ్రహించాలంటే అక్కడి సరఫరా తీరును ముందుగా తెలుసుకోవాలి. సౌదీ అరేబియాలో ఇళ్లకు చిరకాలం 127/220 వోల్టుల పద్ధతిలో విద్యుత్తు అందింది: ఒక ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ, అంటే దాదాపు భూమి వోల్టేజీ స్థాయిలోనే ఉండే తీగకూ, మధ్య 127 వోల్టులు, రెండు ఫేజ్‌ల మధ్య 220 వోల్టులు ఉంటాయి; గీజర్, ఏసీ వంటి ఎక్కువ కరెంటు లాగే వాటిని రెండు ఫేజ్‌లకు కలుపుతారు. భారతదేశంలో 230 వోల్టులు ఒక ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్యనే లభిస్తాయి. ఈ తేడా జ్ఞానమీమాంసకు, అనగా మనకు తెలిసినది ఎలా తెలిసిందని విచారించే శాస్త్రానికి, సంబంధించినదని చూపడానికి, రియాద్‌లో పనిచేసే ఒక లెక్కల మాస్టారికీ కరీంనగర్‌కు చెందిన ఒక ఎలక్ట్రీషియన్‌కూ మధ్య సంవాదాన్ని ఊహించవచ్చు.

"స్విచ్ ఆపి ఉంది, దాని ఎర్ర లైటూ ఆరింది. ఇక కరెంటు లేనట్టే కదా, అన్నా?" అని మాస్టారు అడిగారు.

"టెస్టర్ పెట్టి చూడండి, సార్."

ఎలిమెంటుకున్న ఒక స్క్రూకు టెస్టర్ మొన తాకించగానే అందులోని చిన్న దీపం వెలిగింది; రెండో స్క్రూకు తాకించినా వెలిగింది. భారతీయ అలవాటు ప్రకారం ఎవరో బిగించిన ఆ స్విచ్ ఒక ఫేజ్‌ను మాత్రమే తెంచింది. రెండో ఫేజ్ నేరుగా ఒక కొసకూ, ఎలిమెంటు మీదుగా మరో కొసకూ చేరుతూ, నీటిని వేడిచేయకపోయినా తాకినవారికి 127 వోల్టుల షాక్ ఇవ్వడానికి సిద్ధంగా ఉంది.

"అంటే ఊళ్లో నేర్చుకున్నది తప్పా?"

"తప్పు కాదు, సార్. అక్కడ రెండో తీగ న్యూట్రల్ కాబట్టి అది నిజమైంది."

ఒకచోటి నిజాన్ని అన్నిచోట్లా నిజమనుకునే ఈ దోషాన్ని న్యాయదర్శనం, అంటే భారతీయ తర్కశాస్త్రం, ఏనాడో గుర్తించింది. ఒకటి ఉన్నచోటల్లా మరొకటి తప్పక ఉండడం వ్యాప్తి. వ్యాప్తిలా కనిపించేదాని వెనుక దాగి ఉండే షరతు ఉపాధి. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందన్న వాదం తడి కట్టె అనే ఉపాధి మీద నిలుస్తుందని, ఆంధ్రదేశీయుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దపు తన తర్కసంగ్రహంలో చూపాడు. స్విచ్ ఆపితే తీగ నిర్జీవమవుతుందన్న నమ్మకానికి న్యూట్రల్ అటువంటి ఉపాధి. అది ఎప్పుడూ వెంటే ఉన్నంతకాలం ఎవరి కంటా పడదు.

మాస్టారు తేలికగా ఒప్పుకోలేదు. "ప్రతి నమ్మకం వెనుకా ఒక షరతు ఉంటే, ఆ షరతులన్నీ తెలిసేదాకా స్క్రూ విప్పకూడదు. అప్పుడు ఏ మరమ్మతూ మొదలే కాదు. పైగా టెస్టర్ వెలగకపోతే తీగలో కరెంటు లేదనుకోవాలా, టెస్టరే పాడైందనుకోవాలా?"

ఇది బలమైన ఆక్షేపణ. దీనికి ఎలక్ట్రీషియన్ చెప్పిన సమాధానం మరింత బలమైనది: "అందుకే మొదట కరెంటు ఉందని తెలిసినచోట టెస్టర్ పెట్టి చూస్తాం, తర్వాత పని చేయాల్సిన తీగ మీద చూస్తాం, మళ్లీ మొదటి చోటికే వెళ్లి చూస్తాం. అన్నీ తెలియనక్కర్లేదు, సార్. చేయి పెట్టబోయే చోటు తెలిస్తే చాలు." అనంతంగా సాగే సందేహాన్ని ఈ క్రమం పూర్తిగా తొలగించదు గాని, ప్రాణానికి ముడిపడిన ఒక్క ప్రశ్నకు దాన్ని పరిమితం చేస్తుంది. పుస్తకజ్ఞానం కన్నా ఇది తక్కువది కాదు.

చిక్కు అక్కడితో తీరలేదు. రెండు ఫేజ్‌లనూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ బ్రేకర్ కావాలి. ఇల్లు అద్దెదైతే బోర్డు తెరవడానికి యజమాని అనుమతి కావాలి. పైగా సరఫరా పద్ధతే 230/400 వోల్టులకు మారాలని సౌదీ మంత్రిమండలి 2010లో నిర్ణయించింది. ఆ మార్పు వచ్చినప్పుడు పాత పద్ధతిలో రెండు ఫేజ్‌ల మధ్యే వదిలేసిన గీజర్‌కు 400 వోల్టులు తగులుతాయి కనుక, దాని తీగల్లో ఒకదాన్ని న్యూట్రల్‌కు మార్చాల్సి ఉంటుంది.

సౌదీలోని పాత ఇళ్లలో ఉంటున్న తెలుగువారు గీజర్ మూత విప్పే ముందు గోడ స్విచ్‌ను నమ్మవద్దు. మెయిన్ బ్రేకర్ దించి, రెండు తీగలనూ విడివిడిగా పరీక్షించి, ఏ కొంచెం అనుమానమున్నా అర్హుడైన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.