ప్రసాద రక్షణము – భాగవత కైంకర్యము

భగవద్రామానుజులవారు శ్రీభాష్యమున భక్తి సిద్ధించుటకు ఏడు సాధనములను వాక్యకారుని మతానుసారముగ నిరూపించిరి. వానిలో మొదటిది వివేకము. లోకమున వివేకమనగా మంచిచెడ్డల నెరుగుట. అచ్చట మాత్రము దోషరహితమైన ఆహారముచే దేహమును శుద్ధముగ నుంచుకొనుటయని అర్థము. అభ్యాసమునకంటె, క్రియకంటె ముందుగా అన్నమును గూర్చి చెప్పుట గమనింపదగినది. ఆహారశుద్ధి నుండియే మనశ్శుద్ధి కలుగునని ఛాందోగ్యమున సనత్కుమారుడు నారదునకు ఉపదేశించినదియు ఈ విషయమునే.

అన్నమునకు దోషములు మూడు. పదార్థపు స్వభావమువలన వచ్చునది జాతిదోషము. ఆ అన్నమునకు యజమానియైన వానివలన వచ్చునది ఆశ్రయదోషము. ఎంగిలి, వెండ్రుక మున్నగువాని స్పర్శచే కలుగునది నిమిత్తదోషము. మొదటి రెంటి విషయమున మన గృహములు నేటికిని జాగరూకతతోనే యున్నవి. మూడవదానిని మాత్రము మడిచీర కట్టుకొనుటతో తీరిపోయినదని తలచుచున్నాము. కంటికి కనబడు వెండ్రుకను తీసివేయుదుము. కంటికి కనబడని దానిని వడ్డింతుము.

గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున తామసాహారమును చెప్పుచు ‘యాతయామ’మను పదమును వాడెను. శంకరులు దానికి సరిగా ఉడకనిదని అర్థము చెప్పిరి. రామానుజులు చాలకాలము నిలువయున్నదని వ్యాఖ్యానించిరి. ఇద్దరు ఆచార్యుల అర్థములును మన వంటశాలకు కావలసినవే. యామమనగా 3 గంటలు. వండిన పదార్థమును సాధారణపు వేడిమిలో 2 గంటలకు మించి విడువరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన సూత్రములలో నున్నది. శాస్త్రమును వైద్యమును ఇచ్చట ఒకే మాట చెప్పుచున్నవి.

ఇంత చదివియు నేను చేసిన తప్పు నొకదానిని విన్నవించుకొందును. ఉప్పలగుప్తము ప్రాంతమున ఒక గ్రామమందు శ్రీరామనవమి. కల్యాణము మధ్యాహ్నము, జనము అధికముగా వత్తురని కట్టెపొంగలిని తెల్లవారుజామునకు ముందే వండి పెద్ద గుండిగలలో మూతపెట్టి యుంచిరి. వితరణ జరుగునప్పటికి మూడు గంటలు దాటినది. నేను పంచుచుండగా ఒక వృద్ధురాలు దొన్నె చూచి, “ఆచార్యులుగారండీ, పొంగలి తీగ సాగుతోందండి” అన్నది. “ప్రసాదమునకు దోషమేమిటమ్మా, కన్నుల కద్దుకొని తీసికొనుము” అంటిని. ఆమె మారుమాటాడక తాను తిని మనుమనికి పెట్టినది. ఆ రాత్రి వాంతులతో ఇరువురును ఆసుపత్రి చేరిరి. మరునాడు పరామర్శకు పోగా, “దేవుడి ప్రసాదం మంచిదేనండి, నా కర్మే బాగోలేదు” అన్నది. ఇరువురును కోలుకొనిరి. ఆమె మాట మాత్రము నన్ను ఇప్పటికిని విడువలేదు. ఆమె కర్మ కాదది, నా అపచారము.

కారణము తరువాత తెలిసినది. బియ్యమునందు బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజరూపమున నుండును. ఉడికించినను ఆ బీజము నశింపదు. పెద్ద గుండిగలోని అన్నము పైన చల్లారినను నడుమ గంటల తరబడి గోరువెచ్చగా నుండును; అచ్చట అది మొలకెత్తి విషమును పుట్టించును. వాంతులు కలిగించు ఆ విషము మరల వేడి చేసినను పోదు. కావున “మరల కాచితిమి గదా” అను సమాధానము చెల్లదు.

ప్రసాదమునకు దోషము లేదనుట సత్యమే. స్వామి ఆరగించినది పావనమే. ఆ తరువాత దానిని ఎండలో, ఈగలలో, గంటల తరబడి ఉంచినది మనము. నిమిత్తము మనమై, భారమును స్వామిపై మోపుట భక్తి కాదు. భగవదపచారముకంటె భాగవతాపచారము ఘోరమని మన పూర్వులు చెప్పిరి. నమ్మి చేయి చాచిన భక్తునకు చెడిన అన్నము పెట్టుటకంటె భాగవతాపచారము వేరొకటి యున్నదా?

మన కోనసీమ గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రపుటొడ్డున నున్నది. నీటికి కొదువ లేదు, మంచినీటికే కొదువ. 1996 నవంబరు తుపానును, 2022 జూలై వరదను చూచినవారికి ఈ మాట వివరింప నక్కరలేదు. పానకము, వడపప్పు నిప్పు చూడని ప్రసాదములు. వాని శుద్ధి యంతయు నీటిలోనే యున్నది. కావున కాచి చల్లార్చిన నీటితోనే పానకము కలుపవలెను, పప్పును నానబెట్టి కడుగవలెను. చేపలకు, రొయ్యలకు వాడు మంచుగడ్డ త్రాగుటకు చేసినది కాదు. చల్లదనమునకై దానిని పానకమున వేయరాదు. పులిహోరను కళాయి లేని ఇత్తడి పాత్రలో కలిపినచో పులుపునకు లోహము కరగి వాంతులు కలిగించును.

వండువారు, వడ్డించువారు సబ్బుతో చేతులు కడుగవలెను. చేతిపై పుండున్నవారు, విరేచనములతో బాధపడువారు ఆ దినము వేరొక కైంకర్యము చేయవలెను. ఒక్కసారి కొండంత వండుటకంటె విడతలుగా వండి వేడివేడిగా పంచుట మేలు. ధనుర్మాసమున నివేదనానంతరము వేడిపొంగలిని వెంటనే పంచు ఆచారము మనకున్నదే. మిగిలినదానిని మరునాటికి దాచరాదు.

ఇంత జాగ్రత్తపడినను ఎవరికైన వాంతులు, విరేచనములు కలిగినచో, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. పసివారిని, వృద్ధులను, రక్తము పడినవారిని, మూత్రము జారీ కానివారిని ఆలస్యము చేయక వైద్యునికడకు గొనిపోవలెను. ఎవరేమి తినిరో దాచక చెప్పవలెను. ఉత్సవమునకు అపకీర్తి యని దాచుట రెండవ అపచారము.

ఆనాటి నుండి ప్రసాదము పంచుటకు ముందు నేను మూత తీసి చూచుచున్నాను, వండిన వేళ అడుగుచున్నాను. సందేహమున్న పాత్రను పక్కకు పెట్టించుచున్నాను. కొందరు నాస్తికత్వమనిరి. గుండిగ పారబోయుట నష్టమే. కాని ఆ వృద్ధురాలి దొన్నె నాకు కనబడుచునే యున్నది. అడిగిన భక్తుని గద్దింపక, అతని మాటను స్వామి హెచ్చరికగా గ్రహించు వివేకమును శ్రీమన్నారాయణుడు మనకందరకు అనుగ్రహించుగాక.