రాతికి పాపం ఉంటుందా?

రోజీక్లేర్ మ్యూజియంలో, అద్దం వెనక ఊదారంగు ఫ్లోరైట్, పాచికలు పేర్చినట్టు. ఇలినాయ్ దక్షిణపు కొసన, ఒహాయో నది ఒడ్డున ఒకప్పటి గని ఆఫీసే ఈ మ్యూజియం. నేల లోతుల్లోంచి వేడి ఉప్పునీళ్లు సున్నపురాతి పగుళ్లలోకి ఎగదన్ని, ఈ రాయిని మిగిల్చాయి. ఉక్కు కొలిమిలో చిట్టెం తేలిగ్గా పారడానికి దీన్ని తవ్వారు. 1965లో రాష్ట్ర ఖనిజం అన్నారు. 1995లో తవ్వకం ఆగింది. ఇక సొరంగాలు నీళ్లవే.

నాకు మర్రిగూడ దగ్గరి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఈ రాతిలోని ఫ్లోరైడే మా నల్లగొండ గ్రానైట్‌లోనూ ఉంది. బోరునీళ్లలో కరిగి ఎముకల్లో పేరుకుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అమ్మమ్మ నడుము వంగి, నేలనే చూస్తూ నడిచేది.

"ఏ జన్మల ఏం పాపం జేస్తినో బిడ్డా."

"ఊరంతా కలిసి ఒక్క పాపమే చేశారా?" అంటే నవ్వేది. కర్మ ఆమెకు సిద్ధాంతం కాదు, ఊతకర్ర. దాన్ని లాక్కోవాలని చూసిన నా తెలివికి ఇప్పుడు సిగ్గేస్తుంది. రాతికి ఉద్దేశం లేదు, సరే. ఆ నీళ్ల సంగతి తెలిసీ ఏళ్లపాటు ఊరుకున్నవాళ్లకు?

అద్దం మీద నా ఊపిరి మసకగా పట్టింది. తుడిచి మళ్లీ చూశాను. అందంగానే ఉంది.