అవ్వ మాట: ఋణమా? సరుకా?



మనుష్యుడు తన పూర్వులనుండి పొందు ఆస్తి రెండు విధములు. ఒకటి పొలము, ఇల్లు, నగ. రెండవది మాట. మొదటిదానికి పత్రములు, పంపకములు కలవు. రెండవదానికి అవి లేవు. అవ్వ చెప్పిన మంచిమాట మనుమలందరిది. ఎంత పంచినను తరుగదు. అయితే ఆ మాటను పరదేశమునకు కొనిపోయి, సభావేదికపై నిలిచి చెప్పి, దానివలన కీర్తిని ధనమును సంపాదించినచో అది ధర్మమగునా? ప్రోత్సాహ ప్రసంగములు చేయుట ఒక వృత్తియైన ఈ దినములలో ఈ ప్రశ్నను విచారింపక తప్పదు.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములవారికి ఇది మరింత దగ్గరి ప్రశ్న. వెలిగొండల నీడనున్న ఈ మెట్టసీమ ఈశాన్య ఋతుపవనముల దయపై ఆధారపడినది. ఆత్మకూరు చెంత పెన్నానదిపై కట్టిన సోమశిల జలాశయము 78 టి.ఎం.సి.ల నీటిని నిలుపగలదు. అయినను ఎత్తుననున్న చేలు పెక్కు నేటికిని వానకే ఎదురుచూచుచున్నవి. కావున ఇచటివారు చెన్నపట్టణమునకు, బెంగుళూరునకు, కువైటునకు, ఇటీవలి తరమున అమెరికాకు వలసపోవుచున్నారు. పోవువారు పొలమును మోసికొని పోజాలరు. అవ్వ మాటను మాత్రము మోసికొని పోవుదురు.

అవ్వ మాటయే పరదేశమున బోధయైనదనుటకు మన దక్షిణదేశముననే ఒక నిదర్శనము కలదు. 1910లో కేరళమున జన్మించిన ఏకనాథ్ ఈశ్వరన్ నాగపూరు విశ్వవిద్యాలయమున ఆంగ్ల సాహిత్యము బోధించుచు, 1959లో ఫుల్‌బ్రైట్ పథకము క్రింద అమెరికాకు వెళ్లెను. 1961లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ధ్యానకేంద్రమును స్థాపించెను. 1968లో అచటి విశ్వవిద్యాలయముననే ధ్యానమును పాఠ్యవిషయముగ బోధించెను. 1999లో మరణించువరకు ఆయన తన గురువు తన అమ్మమ్మయేనని చెప్పుచుండెను. ఆమె తనకు మాటలకంటె నడతచేతనే ఎక్కువ నేర్పినదని ఆయన భావము. మన తెలుగువారిలోను వరంగల్లు ప్రాంతమున పొలములలో కూలి చేసి, పిదప అమెరికా చేరి, ఫీనిక్స్ నగరమున సాఫ్టువేరు సంస్థను నెలకొల్పిన జ్యోతిరెడ్డి వంటి స్త్రీలు తమ జీవితమునే ప్రసంగముగ యువతకు వినిపించుచున్నారు.

వలసపోవుటను గాని, మాటాడుటను గాని శరణధర్మము నిందింపదు. 12వ శతాబ్దమున కల్యాణపురము వలసవచ్చినవారితోనే నిండినది. అక్కమహాదేవి ఉడుతడినుండి వచ్చి, అనుభవ మంటపమున అల్లమప్రభువు ప్రశ్నలకు సమాధానములు చెప్పి, పిమ్మట శ్రీశైలమునకు పోయినది. కాశ్మీరపు రాజని సంప్రదాయము చెప్పు మోళిగె మారయ్య భార్యయైన మహాదేవితో కల్యాణమునకు వచ్చి, కట్టెలమోపులు అమ్మి జీవించెను. తెనుగునాట పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించుటచేత, అక్షరమెరుగని వారుకూడ శరణుల కథలను విని నిలుపుకొనగలిగిరి. మన అవ్వల జ్ఞానమునకు అట్టి వినికిడియే బడి.

కాయకమున హెచ్చుతగ్గులు లేవని బసవేశ్వరుని బోధ. కట్టెలమ్ముట, నేత నేయుట, చెప్పులు కుట్టుట కాయకములైనపుడు, మనసు క్రుంగినవానికి నాలుగు మంచిమాటలు చెప్పుటయు కాయకము కావచ్చును. మాటాడువారికిని ఆకలి కలదు. వారు ప్రతిఫలము పుచ్చుకొనినంతనే దోషము రాదు. అయితే కాయకమను పేరునకు తగుటకు మాట మూడు పరీక్షలకు నిలువవలెను.

మొదటి పరీక్ష నడత. "మాటలు కోటలు దాటును, కాళ్లు గడప దాటవు" అని మన సామెత. ఉదయగిరి దుర్గము క్రింద నివసించువారికి కోట దాటుట ఎంత కష్టమో తెలియును. కృష్ణదేవరాయలంతటివాడు సైతము గజపతులనుండి ఆ కోటను 1514లో దీర్ఘమైన ముట్టడి పిదప గాని పట్టుకొనలేకపోయెను. మాటకు అట్టి శ్రమ లేదు. కావుననే శరణులు మాటకు నడతను సాక్షిగ అడిగిరి. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలను ఏరితెచ్చుట కాయకముగ గలవాడు. ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ మిగులును తిరిగి ఇచ్చిరమ్మనెను. ఆమె మాట నేటికిని నిలిచియుండుట ఆమె పొయ్యిమీది కుండ ఆ మాటకు సాక్ష్యమిచ్చుటచేతనే.

రెండవ పరీక్ష సత్యము. ప్రోత్సాహ ప్రసంగములలో తరచుగ వినబడు బోధ ఏమనగా, సంకల్పమున్న యెడల ఎవడైనను పైకి రాగలడని. వినుటకు ఇంపుగ నున్నను ఇందొక క్రూరత్వము దాగియున్నది. పైకి రానివానికి సంకల్పము లేదని దాని అర్థమగును గదా! వాన కురియని యేట మెట్టరైతు ఓడుట సంకల్పము లేకనా? కువైటున ఇంటిపనికి పోయి, జీతమందక తిరిగివచ్చిన తల్లికి ధైర్యము చాలకనా? మన అవ్వలు ఇట్లు పలుకలేదు. చేను ఎండిన ఇంటికి వారు నీతి చెప్పలేదు, అంబలి పంపిరి. వారి జ్ఞానమున "నేను గెలిచితిని" అను మాటకంటె "వారు తినిరా?" అను ప్రశ్నయే పెద్దది. ఆ ప్రశ్నను విడిచి ధైర్యవాక్యమును మాత్రమే వేదికకెక్కించుట అవ్వను సగము చేయుటయే.

మరియొక సత్యమును గూడ చెప్పుకొనవలెను. అవ్వ చెప్పినదెల్ల జ్ఞానము కాదు. "ఓర్చుకో" అని ఆమె మనుమరాలితో పలికినపుడు, అందు కొంత ధైర్యము, కొంత వేరుదారి లేని నిస్సహాయత ఉండెను. స్త్రీకి దీక్షను, అనుభవ మంటపమున ఆసనమును ఇచ్చిన ధర్మము మనది. అన్యాయమును సహించిన మౌనమునకు జ్ఞానమని పేరు పెట్టరాదు. అవ్వయందు గౌరవమనగా ఆమె ఓర్పును పొగడుట మాత్రమే కాదు; ఆమె ఓర్వవలసి వచ్చిన దానిని మరల రానీయకుండుట.

మూడవ పరీక్ష దాసోహము. ఉదయగిరిలో కొయ్యను చెక్కి గరిటెలు, చెంచాలు చేయు స్త్రీలు కలరు. వారిలో ముస్లిము సోదరీమణులు పెక్కుమంది. ఆ పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. తల్లినుండి బిడ్డకు వచ్చిన ఆ విద్యకు ఊరిపేరు చట్టబద్ధముగ నిలిచినది. అవ్వ మాటకు అట్టి రక్షణ లేదు. దాని యజమాని పేరు చెప్పుటయు, దాని ఫలమున ఒక పాలు పుట్టినచోటికి పంపుటయు మనుమల మనస్సాక్షికి విడువబడినవి. ఒక బాలిక చదువు, ఒక ముదుసలి వైద్యము, వేసవిలో ఒక నీటితొట్టి. ఎంత చిన్నదైనను సరే. సంపాదనలో తన అవసరము తీరగా మిగిలినది సమాజముదని దాసోహము బోధించుచున్నది.

కావున మన నిర్ణయమిది. అవ్వ మాట అమ్మకపు సరుకు కాదు. అది తీర్పవలసిన ఋణము. ఆ ఋణమును తలదాల్చి మాటాడువాని పలుకు కాయకము. ఋణమును మరచినవాని పలుకు ఎంత మధురమైనను బేరమే. వేదికలెక్కు భాగ్యము మనలో కొందరికే కలుగును గాని, ఈ ఋణము అందరిపైన నున్నది. దూరదేశముననున్న మన బిడ్డలు చప్పట్ల నడుమ అవ్వ పేరు చెప్పుదురు గాక. ఆ అవ్వ ఇంకను ఆత్మకూరులోనో, ఉదయగిరిలోనో జీవించియున్నచో, ఆమె తిన్నదో లేదో ముందుగ విచారింతురు గాక.