సున్నమును సత్యమును

అమ్మకమునకు పెట్టిన యింటికి సున్నము కొట్టించుట తప్పా? ఈ ప్రశ్న వినినంతనే పలువురకు నవ్వు పుట్టును. పెండ్లికి సున్నము కొట్టింతుము, పండుగకు కొట్టింతుము. అమ్మకమునకు మాత్ర మేల కొట్టింపరాదు? కాని కొంచెము నిలిచి యోచించినచో, ఇది సున్నమును గూర్చిన ప్రశ్న కాదనియు, ఎదుటివాని కన్నులకు మనము చూపవలసినదేది, దాచరానిదేది యను ధర్మసందేహమనియు తెలియగలదు.

మా చిలకలూరిపేటలో తాళము పడిన యిండ్లు కలవు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో స్థిరపడుదురు. పెద్దలు వారి వెంట పోవుదురు, లేదా కాలము చేయుదురు. అంతట నిల్లు అమ్మకమునకు వచ్చును. దానిని కొనువాడెవడు? నూలుమిల్లులో పనిచేయువాడో, లారీ నడపువాడో, చిన్న ప్రత్తివ్యాపారియో, బడిపంతులో. ఇరువదియేండ్లు కూడబెట్టిన సొమ్మును, దానిపై బ్యాంకు అప్పును తెచ్చి, అరగంట చూచిన యింటిమీద పెట్టును. చీర కొనుటకు పూట గడపువారము ఇల్లు కొనుటకు అరగంట చాలుననుకొందుము! తొలిచూపునకు గల బలమంతటిది. కావుననే ఆ చూపు నెట్లు సిద్ధపఱుపవలెనన్నది ధర్మవిచారణకు తగిన విషయము.

మొదట ఇంటిపక్షమున నొకమాట చెప్పవలెను. మూసియున్న యిల్లు తన్ను గూర్చి తానే చాడీలు చెప్పుకొనును. గాలి లేక గదులు ముక్కవాసన కొట్టును. మూలల బూజు వ్రేలాడును. పెరటిలో పిచ్చిమొక్కలు మొలచును. గోడలు గట్టివే యైనను చూచువానికి పాడుకొంపవలె తోచును. ఇదియు నబద్ధమే. కావున కిటికీలు తెఱచి వారముదినములు గాలి యాడనిచ్చుట, బూజు దులుపుట, వాకిట కళ్లాపి చల్లి ముగ్గు వేయుట మోసము గావు. వచ్చువాని కది మర్యాద, ఇంటికి న్యాయము.

ఇక రెండవ పక్షము. ఈ ప్రాంతమున నల్లరేగడి నేల విస్తారము. అది వానకు ఉబ్బును. ఎండకు కుదించుకొని నెఱ్ఱెలు విచ్చును. పునాది చాలని గోడ యీ కదలికకు తాళలేక బీటలు వాఱును. ఆ బీటలో సిమెంటు కూరి, పైన లప్పము పెట్టి, రంగు పూసినచో కొనువాడు కనిపెట్టలేడు. ఋతువులు మాఱిన పిదప బీట తిరిగి నోరు తెఱచును. అప్పటికి దస్తావేజు రిజిస్టరై, అమ్మినవాడు విమాన మెక్కియుండును. సున్నమునకు పేరొందిన పిడుగురాళ్ల మన పల్నాడులోనిదే. ఆ సున్నమున కబద్ధమాడుట తెలియదు, ఆడించువారము మనమే.

ఈ సందేహము క్రొత్తది గాదు. రోము దేశపు సిసెరో క్రీస్తుపూర్వము 44వ సంవత్సరమున ధర్మములను గూర్చి వ్రాసిన గ్రంథములో సరిగా నిట్టి యింటినే చర్చించెను. ఆరోగ్యకరమని పేరుపడిన యిల్లు; కాని గదులలో పురుగుపుట్ర, దూలములు చెడినవి; ఆ సంగతి యజమానునికి దప్ప నొరులకు తెలియదు. చెప్పకుండుట వేఱు, దాచుట వేఱు, కొనుమని యెవ్వరును బలవంతపెట్టలేదని డయోజినీసను తత్త్వవేత్త పక్షము. ఎదుటివానిని తెలిసి తెలిసి తప్పులో పడనిచ్చుట దారి తప్పినవానికి దారి చూపకుండుటకన్న నీచమని యాతని శిష్యుడు ఆంటిపేటరు పక్షము. సిసెరో శిష్యునివైపే తీర్పు చెప్పెను.

అందే మఱియొక కథ కలదు. సిరక్యూసు నగరమున పిథియసను వడ్డీవ్యాపారి, తన తోటను కొనగోరిన కానియసను రోమనును విందునకు పిలిచి, ఆ దినమున జాలరులను రప్పించి తోటముందు చేపలు పట్టించెను. ఆ సమృద్ధిని చూచి కానియసు అడిగిన ధర యిచ్చి కొనెను. మఱునా డొక్క పడవయు రాలేదు. మన యూళ్లలో ట్యాంకరు నీటితో తొట్టి నింపి, ‘బోరు పుష్కలముగా పడినది’ అని చెప్పువాడు పిథియసుకు దాయాది గాడా?

మన పూర్వులును దీని నెఱుగుదురు. ఇల్లమ్మునపుడు దాని యెదుటనే, ఇరుగుపొరుగువారి సమక్షమున చాటవలెననియు, హద్దులు ఉన్నవి యున్నట్లు చెప్పవలెననియు కౌటిల్యుడు విధించెను. ఇంటి గుట్టు పొరుగువానికి తెలియును. ఆతని యెదుట కోత లెవడు కోయగలడు? నేడు కొందఱు మధ్యవర్తులు పొరుగువారు పలుకరింపని వేళ చూచి యిల్లు చూపుదురు. 1882వ సంవత్సరపు ఆస్తిబదిలీ చట్టము 55వ విభాగమును ఇట్లే చెప్పుచున్నది: అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, సాధారణ జాగ్రత్తతో కనుగొనరాని ముఖ్యలోపము నమ్మువాడు చెప్పితీరవలెను, చెప్పకుండుట వంచన.

‘నాకు తెలియదు, మేము దూరదేశమున నున్నాము’ అని వారసులు తప్పించుకొనవచ్చును. చట్టము తెలిసినదానినే చెప్పుమనును. కాని తెలియుననెడి భయముచేత తెలిసికొనకుండుట అమాయకత్వము గాదు. ఒక తాపీమేస్త్రీకి ఒకపూట కూలి యిచ్చి గోడలు చూపించుట యెవరికి భారము?

‘లోపము చెప్పినచో ధర తగ్గును గదా’ అందురు. తగ్గును. ఆ తగ్గుదలయే లోపమునకు వెల. దానిని మనము భరింపనిచో, మనకన్న బీదవాడు బ్యాంకు వడ్డీతో సహా భరించును. అట్లని ప్రతి గుసగుసయు లోపము గాదు. ఆ యింట నొకరు చనిపోయిరనుట యింటికి దోషమెట్లగును? మనుష్యులు పుట్టక, చావక యుండుటకు అది సత్రమా? అయినను కొనువాడడిగినచో నదియు నిజమే చెప్పవలెను; ఆతని మూఢనమ్మకము మన యబద్ధమునకు అనుజ్ఞాపత్రము గాదు.

హద్దు తెలియుట కొక సులభోపాయము కలదు. చేయబోవు పనిని కొనువాడు ప్రక్కన నిలిచి చూచుచుండగా చేయగలమా యని ప్రశ్నించుకొనవలెను. ఆతని యెదుట బూజు దులుపగలము, ముగ్గు వేయగలము, సున్నమును కొట్టింపగలము. ఆతని యెదుట బీటకు లప్పము పెట్టి, ‘గోడ గట్టిది’ అనగలమా? ట్యాంకరు గొట్టము తొట్టిలో పెట్టగలమా? చేయగలిగినది యలంకారము, చేయలేనిది మోసము.

కావున నిల్లమ్మదలచిన సోదరులారా! వాకిట ముగ్గు పెట్టింపుడు, కిటికీలు తెఱువుడు, సున్నమును నిస్సంకోచముగా కొట్టింపుడు. కొనువాడు వచ్చినపుడు మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టుడు. పిమ్మట మొట్టమొదట నాతనిని బీటలు వాఱిన యా గోడయొద్దకే నడిపింపుడు.