దయకు ముందు లెక్క



దిక్కులేని జంతువులను సాకు ఆశ్రమములు నేడు పట్టణములలో కలవు. అక్కడ యజమానులు విడిచిపోయిన జర్మన్ షెపర్డ్ కుక్కలును ఉండును. అట్టిదొకటి కమ్ముల సందున మూతి చాపి మన చేయి నాకినప్పుడు మన గుండె కరగును. “పాపము, తీసికొనిపోదము; దొడ్డికి కాపలాయు నగును” అనుకొందుము. ఇది దయయేనా?

ఈ జాతిని 1899 మొదలుకొని జర్మనీలో గొఱ్ఱెల కాపరి కుక్కలనుండి తీర్చిరి. మందవెంట దినమంతయు తిరుగుట, తనవారిని కాచుట దాని స్వభావము. 30 కిలోలకు పైగా తూగగల అట్టి ప్రాణిని గుంజకు కట్టివేసినయెడల అది మొరుగును, నేల త్రవ్వును, పొరుగు బిడ్డను కరవనువచ్చును. అప్పుడు “చెడ్డకుక్క” అని మరల విడిచిపెట్టుదుము. తప్పు దానిదా?

ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కను తగినంత తిప్పకుండుటయు క్రూరత్వమేయని 1960 నాటి జంతుహింస నివారణ చట్టము చెప్పుచున్నది.

గోపురము కట్టగోరువాడు ముందుగా ఖర్చు చూచుకొనవలెనని ప్రభువు బోధించెను (లూకా 14:28). మనమును చూచుకొందము. ఉదయ సాయంకాలములు దానిని ఎవరు నడిపింతురు? కోతల దినములలో ఎవరు? ఏటేట పిచ్చికుక్క వ్యాధి టీకా ఎవరు వేయింతురు? ముసలిదై కాపలా కాయలేనినాడును దానికి అన్నము పెట్టుదుమా?

జవాబు లేనియెడల వట్టిచేతులతో తిరిగివచ్చుట కాఠిన్యము కాదు. తెచ్చి రెండవమారు దిక్కులేనిదానిగా చేయుటయే కాఠిన్యము. జవాబున్నవారు సంతోషముతో తెచ్చుకొని, దాని తుదిదినమువరకు సాకుదురు గాక.